షటిల్ మీది ఎర్రచుక్క

గోదావరి ఒడ్డు ఊరు అంకిసలో పిండి గిర్ని పక్కన ఒక పగిలిన బండ ఉంది. ఊళ్లో అందరూ దాన్ని యాదక్క పీట అంటారు. మిగతా ఆడవాళ్లు గోధుమల డబ్బా గిర్ని ముందు పెట్టి, ఇంటి పని చూసుకుని తిరిగి వచ్చి పిండి తీసుకుపోతారు. యాదక్క మాత్రం కదలదు. గింజలు పైన పోసింది మొదలు ఆఖరి పిడికెడు పిండి సంచిలో రాలేదాకా ఆ బండ మీద కూర్చుని రెప్ప వేయకుండా చూస్తుంది. అంతా అయ్యాక లేచి, గిర్ని గొట్టాన్ని అరచేత్తో రెండు దెబ్బలు కొడుతుంది. అక్కడ ఇరుక్కున్నది కూడా తన పిండే కదా.

"యాదక్కా, నీ పిండి దాసుకోని నేనేం మేడ గడుతనే?" అంటాడు గిర్ని జంగు.

"కట్టెటోడు చెప్పి కడుతడా?" అంటుంది యాదక్క.

ఆమె ఇంట్లో గుర్తు లేని వస్తువు ఉండదు. గిన్నెల మీద పేరు కొట్టించింది. చీపురు పిడికి దారం, పలుగు కర్రకు కత్తిగాటు, ఆఖరికి పక్కింటికి మజ్జిగ పోసి పంపే చెంబుకు కూడా అడుగున సున్నపు గీత. మొగుడు పెద్దయ్య పొలం పనీ, పనిలేనప్పుడు గోదావరిలో వలా చూసుకునే మనిషి, నెమ్మదస్తుడు. "నా పెండ్లాం నీళ్లల్ల తన నీడ కనవడ్డా ఎవలిదని అడుగుతది" అని నలుగురిలో నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. అది మునుపటి సంగతి.

రెండేళ్ల కింద బిడ్డ మధులత పోయింది. జ్వరం ముదిరి పట్నం తీసుకుపోయిన రోజున, "నువ్వు ఇంటికి పోయి జర తిని, బట్టలు తెచ్చుకో, పిల్లను మేం చూసుకుంటం" అని ఎవరో అన్నారు. యాదక్క ఆ మాట నమ్మి బస్సెక్కింది. బట్టల సంచితో మళ్లీ బస్సు దిగేసరికి చూసుకోవడానికి పిల్ల మిగల్లేదు. ఆ మాట అన్నవాళ్ల తప్పేమీ లేదని ఆమెకూ తెలుసు. తెలిసినా సరే, అప్పటినుంచి ఏ వస్తువునూ కంటికి దూరం పెట్టలేకపోయింది. నవ్వులాటగా ఉన్న గుణం కాస్తా ముల్లులా గట్టిపడింది.

మధులత కుట్టు నేర్చిన పిల్ల. వాడకట్టులో సగం మంది జాకెట్లు ఆమె చేతివే. కిటికీ కింద ఆమె మిషిన్ ఉండేది. జ్వరం వచ్చిన రోజున అమ్మకోసం కనకాంబరం రంగు జాకెట్ కుడుతూ ఉంది. ఒక చెయ్యి ఎక్కించింది. రెండో చెయ్యి మిగిలింది. "తలకాయ నొస్తుందే అమ్మా, పొద్దుగాల కుడుత" అని సూది బట్టలో దించినట్టే వదిలి లేచింది. యాదక్క ఆ మిషిన్ మీద దుప్పటి కప్పింది, అంతే. బట్ట తీయలేదు, సూది లేపలేదు.

పక్కింటి తిరుమల మధులతతో కలిసి కుట్టు నేర్చిన పిల్ల. ఆ జాకెట్ సంగతి తెలిసి ఒకటి రెండుసార్లు అడిగింది. "పెద్దమ్మా, ఆ చెయ్యి నా మిషిన్ మీద ఎక్కిస్త తియ్యి."

"నీ మిషిన్ కుట్టు వేరే, దాని కుట్టు వేరే."

"కుట్టు కుట్టే కదనే."

"నువ్వు గట్లనే అంటవు," అంది యాదక్క, తిరుమల కూడా ఏదో ఎత్తుకుపోవడానికి వచ్చినట్టు చూస్తూ.

మొన్నటి వానాకాలం గోదావరి పొంగి నీళ్లు వాకిలి దాకా వచ్చాయి. ఇంట్లోకి రాలేదు గానీ గోడల చెమ్మ నెలరోజులు ఆరలేదు. ఒకరోజు యాదక్క దుప్పటి ఎత్తి చూస్తే సూదికి తుప్పు పట్టి, కనకాంబరం రంగు బట్ట మీద గోధుమ రంగు మరక దిగింది. చక్రం తిప్పబోతే తిరగలేదు. ఇంకా ఆగితే మిషిన్‌తో పాటు బట్ట కూడా పోతుంది. ఆ మరక చూశాక ఆమెకు ఒకటే పట్టుదల పుట్టింది. ఆ రెండో చెయ్యి ఎక్కాలి. మధులత మిషిన్ మీదే ఎక్కాలి. అందులో ఒక్క ఇనుప ముక్క మారినా అది ఇక మధులత మిషిన్ కాదు.

తిరుమల వచ్చి సూది ఊడదీసి బట్టను చిరగకుండా తప్పించింది. యాదక్క అడిగితే, మిషిన్ అడుగున రెండు చిన్న గొళ్లాలు జరిపి షటిల్ ఎట్లా బయటికి తీస్తారో కూడా చూపించింది. షటిల్ అంటే కింది దారాన్ని పై దారంతో ముడివేసే కొక్కెం. మిషిన్‌కు గుండెలాంటిది అదే అని తిరుమల చెప్పిన మాట యాదక్క మనసులో పడిపోయింది. దొంగిలించేవాడు గుండెనే దొంగిలిస్తాడు కదా.

తిరుమల వెళ్లాక, మిషిన్‌ను బాగుకు ఇచ్చేముందు, ఆమె సందుగలోంచి మధులత గోళ్ల రంగు సీసా తీసింది. ఏరు దాటి కాళేశ్వరం జాతరకు పోయినప్పుడు కొనుక్కున్నది. ఎరుపులో బంగారు మెరుపులు. చిక్కబడిన రంగును ఎండలో పెట్టి మెత్తబరచి, చక్రం వెనక ఒక చుక్క, బట్టను నొక్కే పాదం మీద ఒక చుక్క, కింది దారం ఉండే బాబిన్ కేసు మీద ఒకటి, షటిల్ మీద ఒకటి పెట్టింది. ఆరేదాకా అక్కడే కూర్చుంది. ఇక ఎవడు మార్చినా తెలిసిపోతుంది.

తాలూకా ఊరు సిరొంచలో బస్టాండు దారిలో, రేకుల పంచ కింద, మరమ్మతులు చేసే రాయమల్లు కూర్చుంటాడు. బోర్డు లేదు, గల్లాపెట్టె లేదు. చుట్టూ గొడుగు కమ్ములు, గ్యాసు పొయ్యిలు, తాళాలు, పాత కుట్టు మిషిన్లు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో కూలికి పోయి తునికాకు కట్టలు కట్టిన మనిషి. బల్లార్షాలో ఒక దర్జీ దగ్గర నాలుగేళ్లు ఉండి ఈ పని పట్టుకున్నాడు. ఏది తెచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.

బల్ల నుంచి ఊడదీసిన మిషిన్ తలను, యాదక్కతో వచ్చిన పెద్దయ్య సంచిలోంచి తీసి ముందు పెట్టాడు. రాయమల్లు చక్రం మీద చెయ్యి వేశాడు.

"ఎన్నొద్దులాయె అక్కా, నడువక?"

"రెండేండ్లు."

"తుప్పు లోపటికి దిగింది. కిరసనాయిలు పోసి నానవెట్టాలె. ఎల్లుండి ఇస్త."

"నా ఎదురుంగ చెయ్యి. నేను కూసుంట."

"ఎల్లుండి దాకా కూసుంటవా?"

"కూసుంటే ఏమాయె."

"నాకేం గాదు. నేను పొద్దుగూకంగ ఇంటికి వోత. నువ్వు నా పొయ్యిలకు, గొడుగులకు ఉత్తగ కావలున్నట్టయితది," అన్నాడు రాయమల్లు. పెద్దయ్య నవ్వాడు. యాదక్క నవ్వలేదు.

"మంచి సామాను తీసి పాతది ఏస్తరంట గదా మీరు."

"ఏసెటోళ్లు ఏస్తరు. నేను ఎయ్య."

"అందరు గదే అంటరు."

రాయమల్లు మిషిన్‌ను తన వైపు జరుపుకున్నాడు. "నా దగ్గర ఉన్నన్నొద్దులు దీని జిమ్మ నాది. ఏమన్న అయితే నన్నడుగు."

ఆ ప్రాంతంలో జిమ్మ అంటే చిన్న మాట కాదు. ఆవును ఒప్పజెప్పినా, పిల్లను తోడిచ్చి పంపినా ఆ ఒక్క మాట మీదే. పెద్దయ్యకు అది చాలు. యాదక్కకు చాలలేదు. రాయమల్లు మిషిన్‌ను వెల్లకిలా తిప్పినప్పుడు ఆమె అతని కళ్లనే చూస్తూ ఉంది. అతని బొటనవేలు షటిల్ దగ్గర ఆగింది. ఎర్రచుక్క చూశాడు. తలెత్తి ఆమెను చూశాడు. ఏదో అనబోయినట్టు నోరు కదిలింది, మళ్లీ మూసుకున్నాడు. యాదక్క మొహం తిప్పుకుంది.

"సూసిండు," అంది ఇంటికి వచ్చే దారిలో మొగుడితో. "ఇగ మార్వడు. భయం వెట్టుకుంటడు."

చెప్పిన రోజుకే మిషిన్ వచ్చింది. చక్రం వేలితో తోస్తే తిరుగుతోంది. నూనె వాసన. యాదక్క ముందు బయటి చుక్కలు చూసుకుంది, ఉన్నాయి. తిరుమల వచ్చి కొత్త సూది పెట్టి, పాత గుడ్డముక్క మీద కుట్టి చూసింది. టకటకమంటూ నడిచింది. ఆ చప్పుడు ఇంట్లో రెండేళ్ల తర్వాత వినబడేసరికి పెద్దయ్య లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. యాదక్క జాకెట్ తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇంకొక జానెడు కుట్టాక లోపల ఏదో కసుక్కుమంది. దారం ఉండకట్టింది, సూది ఫెడేలుమని విరిగి కిటికీకి తగిలింది.

గొళ్లాలు జరిపి తిరుమల షటిల్ తీసింది. దాని మొన చిన్న చీమ కొరికినంత విరిగిపోయి ఉంది. యాదక్క మొనను చూడలేదు. ఇటు తిప్పింది, అటు తిప్పింది. చుక్క లేదు.

"మార్చిండు," అంది.

"ఏమో పెద్దమ్మా, తుడుసుకపోయిందేమో."

"మిగిలినయెందుకు తుడుసుకపోలె? కండ్ల ముందరియి ఉంచి లోపటిది తీసిండు. నేను సూడననుకున్నడు."

పెద్దయ్య లోపలికి వచ్చి విన్నాడు. "మనది తీసి వాడేం జేసుకుంటడే? రెండేండ్లు తుప్పువట్టింది."

"ఏం జేసుకుంటరో వాళ్లకే ఎరుక."

అప్పుడే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. మధులత చేతి కింద తిరిగిన షటిల్ ఈపాటికి ఎవరి మిషిన్‌లోనో తిరుగుతూ ఉంటుంది. ఎవరి జాకెట్‌కో చెయ్యి ఎక్కిస్తూ ఉంటుంది.

ఆదివారం ముల్చేర నుంచి మరిది భీమ్‌రావు వచ్చాడు. పెద్దయ్యకు తమ్ముడు, అక్కడ ఒక ఆఫీసులో ప్యూను. విషయం విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"వదినా, పావతి ఉన్నదా? సామాను ఇచ్చినట్టు కాయిదం?"

"పావతి ఎక్కడిది? జిమ్మ అన్నడు."

"జిమ్మ ఆఫీసుల చెల్లదు. తక్రార్ అర్జీ రాయాల్నంటే పావతి ఉండాలె, తారీఖు ఉండాలె, కింద వాని సహీ ఉండాలె."

"మాటకు పావతి ఏడిస్తరురా?" అన్నాడు పెద్దయ్య.

"గందుకే మనోళ్లు గిట్ల మునుగుతరు. నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలైనయంటరు సూడు, గది."

"నేను నమ్మలె," అంది యాదక్క పౌరుషంగా. "ఒక్కనాడు నమ్మలె."

మిషిన్ తలను ఇద్దరి నడుమ పెట్టుకుని వదినా మరిదీ మోటార్‌సైకిల్ మీద సిరొంచ వెళ్లారు. యాదక్క రొండిన గోళ్ల రంగు సీసా దోపుకుంది. సాక్ష్యం ఒకటి చేతిలో ఉండాలి కదా.

రాయమల్లు ఒక గొడుగు కమ్మి వంచుతున్నాడు. యాదక్క సంచి దించకముందే మొదలుపెట్టింది.

"మా షటిల్ ఏదీ?"

"ఏ షటిల్ అక్కా?"

"నేను గుర్తు వెట్టిన షటిల్. దీంట్ల ఉన్నదానికి గుర్తు లేదు. పైకెల్లి మొన ఇరిగింది. ఇరిగినదాన్ని మాకేసి మాది ఎవలికి ఏసినవ్?"

గొడుగు కోసం వచ్చిన మనిషి వెనక్కి జరిగి, పోకుండా నిలబడ్డాడు. టీ బండి దగ్గర ఇద్దరు ఇటు తిరిగారు. భీమ్‌రావు గొంతు సవరించుకున్నాడు. "సూడు రాయమల్లు, నుక్సాన్ అయింది. భర్తీ ఎవలు జేస్తరో చెప్పు. లేకుంటే మేం పైకి వోవాల్సొస్తది."

రాయమల్లు కమ్మి కింద పెట్టాడు. అతని మొహంలో కోపం లేదు; ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న చుట్టం వచ్చినట్టు ఉంది. మిషిన్‌ను తీసుకుని తలకిందులు చేశాడు. షటిల్ తీసి పక్కన పెట్టి, అది తిరిగే గాడిలోకి తొంగి చూశాడు. సన్నటి పట్టకారు లోపలికి దించి, మెల్లగా ఒకటి పైకి లాగి అరచేతిలో పెట్టుకున్నాడు.

బియ్యపు గింజలో సగం కూడా లేదు. నలిగి మడతపడిన ఎర్రటి పొర.

"గిదే అక్కా మీ గుర్తు. ఊడి గాడిల వడ్డది. గది అడ్డమొచ్చి దారం ఉండ గట్టింది, సూది వంగి మొనకు తలిగింది."

యాదక్క ఆ పొరను చూసింది. రొండిలోంచి సీసా తీసి మూత తిప్పింది. "ఇది నాదేనని ఏం నమ్మకం? ఎర్రరంగు ఏడవడితే ఆడ దొరుకుతది."

"పోల్సుకో మరి," అని రాయమల్లు అరచెయ్యి ముందుకు చాపాడు.

ఆమె సీసాను ఎండలోకి ఎత్తి పట్టుకుంది. అరచేతిలోని పొర మీద కూడా బంగారు మెరుపులు. అయినా వదల్లేదు. "షటిల్ మాదేనని ఏం నమ్మకం?"

రాయమల్లు షటిల్‌ను గుడ్డతో తుడిచి ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. "గీడ గోరుతోని గీకి సూడు."

ఇనుమంతా తుప్పు గీసిన మచ్చలతో ముదురు రంగులో ఉంది. ఒక్కచోట మాత్రం గుండ్రంగా ఒక అంచు గోరుకు తగిలింది, అంచున వెంట్రుకవాసి ఎరుపు. యాదక్క ఆ గుండ్రం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. మిషిన్ గుండె ఎవరింటికీ పోలేదు. మధులత షటిలే. ఇక్కడే ఉంది. మొన విరిగింది, విరగ్గొట్టింది తను పెట్టిన చుక్క.

ఆమె మళ్లీ అడిగింది, ఈసారి నెమ్మదిగా. "నువ్వు మొదటొద్దే సూసినవ్ చుక్కను. నీ కండ్లు ఆడ ఆగినయి. నేను సూసిన."

"సూసిన."

"నూనె ఉన్నకాడ రంగు నిలువదని నాకెరుక లేదు. నీకెరుకనే గదా."

"ఎరుకనే."

"మరి తుడువలేదేంది?"

రాయమల్లు గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. "తుడిస్తే ఏమందువు అక్కా? గుర్తు తుడిసిండు, సామాను మార్సిండు అందువు. అడుగుదామనుకున్న. అడిగితే, వీనికి నా గుర్తుతోని ఏం పని అని సూద్దువు. నువ్వు ఆనాడు సూసిన సూపు గట్లనే ఉండె. ఊకుంటే నా పేరు నిలుస్తది, తుడిస్తే మిషిన్ నిలుస్తది. నా పేరే సూసుకున్న."

"అంటే నీ తప్పని ఒప్పుకున్నవు," అన్నాడు భీమ్‌రావు చప్పున.

"సగం, సారూ."

"సగం ఏంది?"

"చుక్క నాది గాదు గదా." అని, యాదక్క వైపు తిరిగాడు. "గని జిమ్మ నాదన్న. జిమ్మల సగం ఉండది." వెనక ఉన్న రేకు డబ్బాలో వెతికి, కాగితం చుట్టిన కొత్త షటిల్ ఒకటి తీశాడు. "ఇది ఏస్త. పైస వద్దు. పదేండ్లు సూసుకోనక్కరలేదు."

భీమ్‌రావు తల ఊపాడు. అతని లెక్కలో పని అయిపోయింది. "మంచిది. ఏసెయ్యి."

"వద్దు," అంది యాదక్క.

ఇద్దరూ ఆమెను చూశారు.

"పాతదే సాపు చెయ్యొచ్చా?"

"మొనను సానరాయి మీద సన్నంగ రుద్దొచ్చు. నడుస్తది. గని మొన పొట్టిగైతది గనక ఆడాడ దారం అందదు, కుట్టు తప్పుతది. ఇప్పుడే చెప్తున్న, తరువాత చెప్పలేదనొద్దు."

"వదినా, కొత్తది ఉత్తగిస్తుంటే..." భీమ్‌రావుకు అర్థం కాలేదు. "రేపు కుట్టు తప్పితే మళ్ల ఎవల్నడుగుతవ్?"

యాదక్క షటిల్‌ను కొంగుతో తుడిచింది. తడి లేకపోయినా మళ్లీ తుడిచింది. "నా బిడ్డ నా జాకెట్‌కు ఒక చెయ్యి దీనితోనే ఎక్కించింది. రెండోది కూడ దీనితోనే ఎక్కాలె. తప్పితే తప్పనియ్యి. ఇగ దీని జిమ్మ నాది."

టీ బండి దగ్గరివాళ్లు తమ టీలు చూసుకున్నారు. రాయమల్లు కొత్త షటిల్‌ను కాగితంలో చుట్టి డబ్బాలో వేసేశాడు. లోపలి నుంచి ఒక చిన్న పీట తెచ్చి సానరాయి ఎదురుగా వేశాడు. "కూసో అక్కా. ఇది ఎల్లుండి పని గాదు. నీ ఎదురుంగనే చేస్త."

ఆమె కూర్చుంది. మొన రాయి మీద సన్నగా రాసుకుంటున్నంత సేపూ అతని వేళ్ల నుంచి చూపు తిప్పలేదు. నమ్మకం కుదిరి కాదు, కుదరక కాదు. చూడ్డం ఆమె చేత అయ్యే పని. అతను కూడా చెయ్యి అడ్డం రాకుండా కాస్త పక్కకు వంచి రుద్దాడు. అయిపోయాక బాబిన్ కేసు మీది చుక్క చూపించి, "ఇది కూడ ఊడుతది. నువ్వే గీకు," అన్నాడు. ఆమె గోరుతో గీకింది. చక్రం వెనకదీ పాదం మీదదీ ఉంచుకోమన్నాడు. అవి ఎవరికీ అడ్డం రావు.

ఆ సాయంత్రం తిరుమల మిషిన్ ముందు కూర్చుంది. తుప్పు మరక లోపలికి పోయేటట్టు మడిచి, రెండో చెయ్యి ఎక్కించింది. మిషిన్ ఆగలేదు. చంక దగ్గర మాత్రం చెప్పినట్టే కుట్టు తప్పింది.

"పెద్దమ్మా, మూడు కుట్లు దుంకింది. ఇంకోసారి మీదికెల్లి ఏస్త."

"వద్దు."

"సందు గనవడుతది."

"కనవడనియ్యి బిడ్డా. లే, చాయ దాగు."

గోధుమలు పట్టించడానికి వెళ్లినప్పుడు యాదక్క ఆ జాకెట్టే వేసుకుంది. ఎప్పటిలాగే బండ మీద కూర్చుంది, ఎప్పటిలాగే రెప్ప వేయలేదు. పిండి అయ్యాక లేచి, గొట్టం మీద కొట్టడానికి చెయ్యి ఎత్తింది. వరసలో ఉన్న ఒకామె చూసి, "యాదక్కా, చంక కాడ కుట్టు తప్పింది సూడు. ఎవలు కుట్టిండ్రు, అడుగు వాళ్లను," అంది.

"ఎవల్నడుగాలె?" అంది యాదక్క. "గది నా జిమ్మనే."

గొట్టాన్ని రెండు దెబ్బలు కొట్టి, రాలిన పిండిని సంచిలోకి ఊడ్చుకుంది.